తోల్కపోను ఎవరొస్తరు

పాల్మాకుల
సెప్టెంబర్ 5, శుక్రవారం

కళ్యాణికి మీ వదిన భాగ్యలక్ష్మి రాస్తున్నది.

ఫోనుండగా ఈ కాగితం ఏమిటని నవ్వుతావు. నవ్వు. పెద్ద ఫోను మీ అన్నతో డ్యూటీకి పోతుంది. ఇంట్లో మిగిలేది బటన్ల ఫోను. దాని స్పీకరు చెడిపోయి, ఎంత తగ్గించినా వీధిలోకి వినిపిస్తుంది. మీ అమ్మ మంచం నడిమింట్లో ఉంది. పక్షవాతం ఆమె కుడి చేయిని, కుడి కాలును, మాటను తీసుకుంది కానీ చెవుల జోలికి పోలేదు. నీ పేరు వినబడితే చాలు, ఫోను ఇమ్మని ఎడమ చేయి చాపుతుంది. ఇస్తాను. నువ్వు "అమ్మా, మంచిగున్నవా" అంటావు, ఆమె ఏడుస్తుంది, నువ్వు ఏడుస్తావు, చార్జింగు అయిపోతుంది. నేను చెప్పాలనుకున్నది నా దగ్గరే ఉండిపోతుంది. అందుకని ఇలా. మీ కందుకూరు నుంచి బంతిపూలు తెచ్చే శివయ్య సగం శంషాబాదులో దించి, మిగతావి కొత్తూరుకు తీసుకుపోతాడు. మా వాకిలి ఆయన దారిలోనే. అడిగితే "చిట్టీలు, మూటలు ఏమున్నా ఇయ్యమ్మా, బండ్ల జాగ ఉంటది" అన్నాడు.

అత్తమ్మ బాగుంది. బాగుంది అంటే, పోయిన నెల ఎట్లా ఉందో అట్లాగే ఉంది. వీపు మీది పుండు మానింది. పక్క మార్చడం ఒక్క పూట మరిచినా మళ్లీ లేస్తుందని నర్సు చెప్పింది కాబట్టి మరవడం లేదు. ఇప్పుడు రెండు మాటలు పలుకుతోంది. ఒకటి "వద్దు". రెండోది "పోయిండు". రెండోది ఎందుకో వచ్చినప్పుడు నువ్వే చూస్తావు.

ఇక పండగ సంగతి. మీ అన్న విమానాశ్రయంలో నడిపే బస్సు తెలుసు కదా, జనాన్ని భవనం నుంచి విమానం దాకా మోసేది. దసరాకు జనమంతా ఎక్కడికో పోతారు, అందుకని ఈయన ఎక్కడికీ పోలేడు. సెలవులు లేవు. ప్రతి ఏడూ బతుకమ్మకు నిన్ను తల్లిగారింటికి తోల్కపోను ఆయనే వచ్చేవాడు. ఈసారి రాలేడు. నేను వద్దామంటే మంచం దగ్గర ఎవరుంటారు? అందుకని చీర, పసుపు, కుంకుమ పసుపుగుడ్డలో మూటకట్టి శివయ్య బండిలో పంపుతున్నాను. తోల్కపోను వచ్చినట్టే అనుకొని, బతుకమ్మ మొదలయ్యే పెత్రమాసకు ముందే వచ్చెయ్యి.

వచ్చేటప్పుడు ఉండేటట్టు రా. పాత చీరలు తెచ్చుకో. నాకు కొన్ని రోజులు కావాలి కళ్యాణీ. ఎక్కడికైనా పోయి పడుకోవాలి. మొన్న నీళ్ల డ్రమ్ము దగ్గర కళ్లు తిరిగి కూలబడ్డాను. దవాఖానలో డాక్టరమ్మ బీపీ చూసి, ఇట్లాగే చేస్తే మీ అత్త పక్కన ఇంకో మంచం వేయాల్సి వస్తుందంది. ఇంట్లో ఇంకెవరూ లేరా అని అడిగింది. ఉన్నారని చెప్పాను. నీ పేరు చెప్పాను.

మీ వదిన


కందుకూరు
సెప్టెంబర్ 8, సోమవారం

వదినకు,

మూట ముట్టింది. ఎట్లా ముట్టిందో కూడా చెబుతాను. శివయ్య నట్టనడి బజారులో బండి ఆపి, "కళ్యాణమ్మా, మీ తల్లిగారి చీరొచ్చింది" అని అరిచాడు. బోరింగు దగ్గర ఉన్న ఆడవాళ్లంతా తిరిగి చూశారు. బంతిపూల గంపల నడుమ నుంచి నా పండగ చీర తీసి ఇచ్చాడు. మా అత్తమ్మ ఏమీ అడగలేదు. అడగకపోవడమే నాకు ఎక్కువ కష్టంగా ఉంది.

నాకు బస్సు ఎక్కడం రాదని కాదు వదినా. తుక్కుగూడ మీదుగా వస్తే ఎంతసేపు. బాపు ఉన్నప్పుడు లూనా మీద వచ్చేవాడు, వెనక కూర్చుంటే కాళ్లు మట్టికి రాసుకునేవి, అయినా అదే గొప్ప. బాపు పోయాక అన్న వస్తున్నాడు. ఆడబిడ్డను తోల్కపోను ఇంటి మనిషి రావాలి. రాకపోతే రమ్మనలేదనే లెక్క. అన్నకు తీరకపోతే తీరలేదని ఆయనే ఒక మాట ఫోను చేయొచ్చు. పూల బండిలో పిలుపేమిటి? మూట ముడి విప్పలేదు. గూట్లో పెట్టాను.

ఇక నీకు రోజులు కావాలన్నావు. ఎక్కడికి పోతావు? మీ అమ్మ పోయాక అటు దిక్కు ఎవరున్నారు? పండగపూట నువ్వు ఇల్లు విడిచిపోతే అమ్మ మనసు ఏమవుతుంది, కోడలు తనను వదిలేసిందనుకుంటుంది. కావాలంటే జీతానికి ఒక ఆయమ్మను పెట్టుకోండి. మా అంగన్‌వాడీ ట్రైనింగులో ఒక కాగితం ఇచ్చారు, ఇంట్లో జబ్బుమనుషులను చూసుకునేవాళ్లు ఎట్లా ఉండాలో రాసి ఉంది. దీంతో పంపుతున్నాను, చదువు. ఆరోగ్యం జాగ్రత్త.

వానలు ఆగడం లేదు. పత్తి కాయ నల్లబడుతోంది. మా ఆయన రోజూ చేనులోకి పోయి చూసి వస్తున్నాడు.

కళ్యాణి


పాల్మాకుల
సెప్టెంబర్ 11, గురువారం

కళ్యాణికి,

నువ్వు పంపిన కాగితం చదివాను. బాగా అచ్చువేశారు. సేవ చేసేవాళ్లు ముందు తమను తాము చూసుకోవాలని ఉంది. రోజూ కాసేపు నడవాలట. నడుస్తున్నాను, నల్లా దాకా. నచ్చిన పాటలు వినాలట. మా ఇంటి మీదుగా పోయే విమానాలు నన్ను అడగకుండానే పాడతాయి. పండగ రోజుల్లో పనులు తగ్గించుకోవాలట. ఆ మాట రాసినవాళ్ల ఇంట్లో పండగ ఎవరు చేస్తారో తెలుసుకోవాలని ఉంది. సాయం అడగడానికి మొహమాటపడకూడదని చివర ఉంది. అది ముందే చేశాను. దానికి నీ జవాబు వచ్చింది.

ఆయమ్మను పెట్టాం, నీకు తెలియదు. ఆమె ముద్ద కలిపి నోటి దగ్గర పెడితే అత్తమ్మ పెదవులు బిగించింది. "వద్దు" అన్న మాట మొదటిసారి పలికింది అప్పుడే. మాట వచ్చిందని నేను సంతోషపడేలోపు ఆయమ్మ చెప్పులేసుకుంది.

నువ్వు ప్రతి ఏడూ వస్తావు. అమ్మ పక్కన కూర్చుంటావు, ఆమెకు గాజులు తొడుగుతావు, జడలో పూలు పెడతావు. నేను సత్తుపిండి, మలీద ముద్దలు చేస్తాను. నీకు, నిన్ను చూడవచ్చినవాళ్లకు వడ్డిస్తాను, మధ్యమధ్య మంచం దగ్గరికి పోతాను. పండగ కాగానే నువ్వు పోతావు. నిన్ను తప్పుపట్టడం లేదు. ఆడబిడ్డ తల్లిగారింటికి వచ్చేది కూర్చోవడానికే. పండగొస్తే అందరికీ పని తగ్గుతుంది, నాకు రెండింతలు అవుతుంది అని చెబుతున్నాను.

ఎక్కడికి పోతావు అని అడిగావు. ఆ ప్రశ్న నేను కూడా వేసుకున్నాను. అమ్మ లేదు, అన్నదమ్ములు లేరు. నన్ను తోల్కపోను వచ్చేవాళ్లు ఎవరూ లేరు. అమ్మ పోయినప్పటి నుంచి నా ఒడిలో ఎవరూ తల్లిగారి ఒడిబియ్యం పోయలేదు. శంషాబాదులో ఏదన్నా లాడ్జిలో తలుపేసుకొని పడుకుందామా అని కూడా ఆలోచించాను. ఆడది ఒక్కతే లాడ్జికి పోతే ఊరు ఏమంటుందో నాకూ తెలుసు. నువ్వు రాసినదానికి అర్థం నాకు పోయే చోటు లేదు కాబట్టి పోవద్దని. సరే. పోను.

ఇది రాస్తుంటే పక్కింటి కొండమ్మ గడపలోకి తొంగిచూసి "ఎవలతోని ముచ్చట పెడ్తున్నవే" అని అడిగింది. ఎవరితో లేదు, రాస్తున్నానని చెప్పాను.

చీర నచ్చకపోతే తిప్పి పంపు.

భాగ్యలక్ష్మి


కందుకూరు
సెప్టెంబర్ 16, మంగళవారం

వదినా,

ఎక్కువ రాయను. నువ్వు రాసింది మా ఆయన చదివాడు. నేను చేనులో ఉన్నప్పుడు శివయ్య ఆయన చేతికే ఇచ్చాడు, ఆయన నాకిచ్చేముందు చదివేశాడు. అన్నం తింటూ, "మీ అన్న మల్లేశ్ బావ భార్య నాకేమైతదే?" అని అడిగాడు. తర్వాత చెయ్యి కడుక్కొని శంషాబాదు పోయి వచ్చాడు.

అన్న నిన్న ఫోను చేశాడు. "అంత మంచిగనే ఉన్నది. మీ వదినకే జర పని ఎక్కువైంది, ఊకె పరేషానవుతది" అన్నాడు. అన్నకు ఎవరైనా అడిగితే తప్ప ఏమీ కనిపించదు. నాకూ అంతేనేమో.

శివయ్య బండిలో మూట పంపుతున్నాను. విప్పితే నీకే తెలుస్తుంది.

కళ్యాణి


పాల్మాకుల
సెప్టెంబర్ 19, శుక్రవారం

కళ్యాణికి,

మూట వచ్చింది. విప్పలేదు. విప్పి తెలుసుకోవడానికి ఏముంది, నేను కట్టిన పసుపుగుడ్డను నేను గుర్తుపట్టనా? తిప్పి పంపమన్నది నేనే, పంపావు. పెట్టెలో అడుగున పెట్టేశాను. నేను నీకు రాసుకున్నది రాఘవేందర్ అన్న చదివాడంటే తలెత్తుకోలేకపోయాను. లాడ్జి మాట కూడా చదివే ఉంటాడు. నేను ఆయనకు ఏమవుతానని అడిగాడంటే, మా ఇంటి ఆడదాన్ని అవమానించే హక్కు ఆమెకెక్కడిదని అడిగినట్టే నాకు తోచింది. బాగానే అడిగాడు.

నిన్న అత్తమ్మను కుర్చీలోకి దించబోతుంటే మళ్లీ కళ్లు తిరిగాయి. ఆమె బరువు సగం నా మీద, సగం గాలిలో ఉంది. ఇద్దరం మంచంపట్టె పట్టుకొని ఆగిపోయాం. ఆమె ఎడమ చేయి నా రవికెను పట్టుకొని వదల్లేదు. ఎవరు ఎవరిని ఆపారో తెలియదు. కొండమ్మ వచ్చి విడదీసి, "నువ్వు వడితే ముసల్దాన్ని ఎవలు లేపుతరే, నిన్నెవలు లేపుతరే" అని తిట్టి, మజ్జిగ తాగించింది. నాకు భయం వేసింది. చావంటే భయం కాదు, ఆమెను కింద పడేస్తానేమోనని.

ఆదివారం ఎంగిలిపూల బతుకమ్మ. కొండమ్మ తంగేడు, గునుగు తెచ్చిస్తానంది. ఇక్కడే మంచం పక్కన చిన్న బతుకమ్మ పేరుస్తాను. నువ్వు వస్తే రా, లేకపోతే లేదు. ఇక నేను రాయను.

భాగ్యలక్ష్మి


పాల్మాకుల
సెప్టెంబర్ 23, మంగళవారం

వదినా,

పైన ఊరి పేరు రాసి ఒక నిమిషం ఆగాను. ఇప్పుడు నువ్వు కందుకూరులో, నేను పాల్మాకులలో.

ఆదివారం మా బండి వాకిట్లో ఆగగానే నువ్వు పిండి చేతులతో ఉరికొచ్చి "ఎవలకేమైంది" అన్నావు. మా ఆయన "ఎవ్వలకేం కాలే చెల్లె, నిన్ను తోల్కపోను వచ్చిన, చీర కట్టుకో" అంటే "ఏ చీర" అన్నావు. పెట్టె అడుగు నుంచి మూట తీసి విప్పినప్పుడు నీ ముఖం చూశాను. నువ్వు పంపిన చీర ఎర్రది, అది నా ఒంటి మీదే ఉంది. మూటలో ఉన్నది ఆకుపచ్చ, మా ఆయన శంషాబాదు పోయి నీకని కొన్నది. నీ గుడ్డ శుభ్రంగా ఉంటే దాంట్లోనే కట్టాను. ఎవరన్నా విప్పి చూస్తారు వదినా. అయినా నీ మూటను విప్పకుండా గూట్లో పెట్టుకున్నదాన్ని నేను, ఎక్కువ మాట్లాడను.

ఆడబిడ్డ మొగుడు అన్న అవుతాడు. పెళ్లయినప్పటి నుంచి నువ్వు ఆయన్ను అన్నా అనే పిలిచావు. నీ కాగితం చదివాకే ఆయనకు ఆ పిలుపుకు పని ఉందని తెలిసింది. "అన్నదమ్ములు లేరని రాసింది, మరి నేనెవ్వణ్ణి" అని ఆ రోజంతా సణిగాడు. లాడ్జి మాట దగ్గర మాత్రం నవ్వాడు.

నన్ను ఎవరూ తోల్కరాలేదు. నా మొగుడే దించాడు. ఊళ్లో అడిగితే అదే చెప్పాను. ఎవరూ ఏమీ అనలేదు. నేనే కొంచెం చిన్నబోయాను.

ఇక్కడి సంగతి. అమ్మ నా చేతి ముద్ద తినడం లేదు. రెండు చెంచాల జావ పోతే గొప్ప. నిన్న గుడ్డ మార్చబోతే ఎడమ చేత్తో నా మణికట్టు పట్టుకొని "వద్దు" అంది. గట్టిగా పట్టుకుంది, ఇంకా ఎర్రగా ఉంది. నీతో చేయించుకునే పని నాతో చేయించుకోదు. కూతురి చేత చేయించుకోవడం సిగ్గనుకుంటా. చివరికి కొండమ్మను పిలిచాను. విమానం పోయినప్పుడల్లా వేలు పైకి చూపి "పోయిండు" అంటుంది. దాహమేమోనని నీళ్లు పడితే ఉమ్మేసింది. పక్క మార్చబోతే నా నడుము పట్టేసింది. రోజూ నువ్వు ఒక్కదానివే ఎట్లా తిప్పుతున్నావు?

ఫోను చేస్తే ఏడుపొస్తుంది, అమ్మ వింటుంది. నువ్వు కాగితం ఎందుకు పట్టుకున్నావో ఇప్పుడు తెలిసింది. వదినా, నాతో కావడం లేదు. శనివారానికి రాగలవా?

కళ్యాణి


కందుకూరు
సెప్టెంబర్ 25, గురువారం

కళ్యాణికి,

శనివారం వస్తాను. పొద్దున్నే దించుతానని అన్న చెప్పాడు. ఆయన ముఖం వాడిపోయింది.

అప్పటిదాకా ఇట్లా చెయ్యి. ముద్ద ఎడమ పక్క నుంచి పెట్టు, కుడి వైపు దవడకు స్పర్శ లేదు, ఆమెకు గొంతుకు అడ్డం పడుతుందని భయం. మెత్తగా కలిపి, చెంచాతో కాదు, చేత్తో పెట్టు. గుడ్డ మార్చేటప్పుడు ముఖం చూడకు. ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు, కూరగాయల ధర అయినా సరే. నేను మొదట్లో మాట్లాడకుండా చేసేదాన్ని, అప్పుడు నన్ను కూడా గిచ్చింది. పక్క మార్చడానికి కింద దుప్పటి మడిచి వేసి ఉంటుంది, మనిషిని కాదు, దుప్పటిని లాగు. "పోయిండు" అంటే మీ అన్న. కొడుకు విమానాల దగ్గర పని చేస్తాడని విన్నది, విమానమే నడుపుతాడనుకుంటోంది. ప్రతి విమానంలో కొడుకు పోతున్నాడు. నేను "అవును, పోయిండు, పొద్దుగూకంగ వస్తడు" అంటాను. అంతే, ఊరుకుంటుంది.

ఇక్కడ మొదటి రోజంతా పడుకున్నాను. తిండికి లేపితే తిని మళ్లీ పడుకున్నాను. మీ అత్తమ్మ రేణుకమ్మ తలుపు దగ్గర కూర్చొని వచ్చిన ఆడవాళ్లందరినీ "మెల్లగ, బిడ్డ పండుకున్నది" అని వెనక్కి పంపిందట. లేచాక గిన్నెలు కడగబోతే గిన్నె లాక్కుంది. "కూసో బిడ్డా" అంది. కూర్చోవడం మరిచిపోయాను కళ్యాణీ. పీట మీద కూర్చుంటే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నిన్న మీ అంగన్‌వాడీ దగ్గర నర్సు బీపీ చూసింది. దిగింది, ఇంకా దిగాలంది.

రోజూ సాయంత్రం ఇక్కడ ఆడవాళ్లు బతుకమ్మ ఆడుతున్నారు. నన్నూ పిలిచారు. నిన్న వరుసలో నిలబడ్డాను. చప్పట్లు కొడుతుంటే ఎవరో ఇంట్లో మంచం మీద నుంచి పిలిచినట్టు అనిపించి వెనక్కి తిరిగాను. అడుగు తప్పింది. పక్కకు వచ్చేశాను. చివరిరోజు సద్దుల బతుకమ్మ నాటికి అలవాటవుతుంది, ఆ ఒక్కరోజు ఆడి వద్దామనుకున్నాను. ఆడాలని బాగా ఉండింది. అది నీకు కాకపోతే ఎవరికి చెప్పను. పరవాలేదు, వచ్చే ఏడు చూద్దాం.

నీ నడుముకు ఆముదం కాచి రాయి.

వదిన


పాల్మాకుల
సెప్టెంబర్ 26, శుక్రవారం

వదినా,

రావద్దు. శివయ్యకు చాయ్ పెట్టి కూర్చోబెట్టి రాస్తున్నాను, ఇది సాయంత్రానికల్లా నీకు చేరాలి. మా ఆయనకు కూడా ఫోను చేసి బండి తీయొద్దని చెప్పాను. ఎందుకో ఇక్కడ చదువు.

నీ ఉత్తరం మంచం పక్కన కూర్చొని చదివాను. పైకే చదివాననుకుంటా, ముద్ద ఎట్లా పెట్టాలో ఉంది కదా, నేర్చుకుంటున్నట్టు. శనివారం వస్తాను అన్నచోట అమ్మ "వద్దు" అంది. అన్నం వద్దంటుందేమో అనుకొని, అన్నం ఇంకా కలపలేదమ్మా అన్నాను. మళ్లీ "వద్దు". "ఏం వద్దే? వదిన రావద్దా?" అని అడిగాను. నాకు కోపం కూడా వచ్చింది, ఇంత చేసిన మనిషిని వద్దంటుందని. అమ్మ తల అడ్డంగా ఊపింది. నోరు తిప్పుకోవడానికి చాలాసేపు పట్టింది. "ఉండనీ" అంది. నేను మిగతా కాగితం కూడా చదివాను. నీకు బతుకమ్మ ఆడాలని ఉండిందన్నచోట ఇంకో మాట అంది. "ఆడనీ."

నువ్వు లాడ్జికి పోదామనుకున్నావని, కళ్లు తిరుగుతున్నాయని, నేను పూల బండి గురించి గొడవ చేశానని అమ్మకు అంతా తెలుసు వదినా. నాకు కొండమ్మ చెప్పింది. "మీ వదిన చిట్టీ రాస్తే నా వాకిట్ల నాకే వినబడ్తది, ఒక్కొక్క మాట నోటితోని అనుకుంట రాస్తది" అంది. మంచం నీ చాప పక్కనే. అమ్మ వినకూడదని మనం ఫోను మానుకున్నాం, నువ్వేమో ఆమె చెవి దగ్గర కూర్చొని చెప్పుకుంటూ రాశావు. నావి కూడా అట్లాగే చదివి ఉంటావు. నువ్వు పోతే అమ్మ మనసు ఏమవుతుందని రాసినదాన్ని నేను. ఆమె మనసు నాకంటే ముందే తేల్చుకొని ఉంది. ఆ ఆదివారం నువ్వు గడప దాటుతుంటే ఆమె ఏడవలేదు, గమనించావా? నేను గమనించి, జబ్బులో తెలియడం లేదనుకున్నాను.

ఆ తర్వాత ముద్ద తింది. ఎడమ పక్క నుంచి, చేత్తో. గుడ్డ మార్చేటప్పుడు మా పత్తి గురించి చెప్పాను, నల్లబడిన కాయల గురించి. కళ్లు మూసుకొని వింది. చెయ్యి పట్టుకోలేదు. అన్నకు కూడా దుప్పటి లాగడం నేర్పాను. "నాతోని కాదే" అన్నాడు. "దినాం గంతమందిని ఎక్కించి దించుతవ్, అమ్మను ఇటు తిప్పరాదా" అన్నాను. తిప్పాడు. చెమటలు పట్టాయి, తర్వాత వాకిట్లోకి పోయి చాలాసేపు నిలబడ్డాడు. దసరా అయ్యాక కూడా నెలనెలా కొన్ని రోజులు నేను వస్తాను. బస్సెక్కి వస్తాను. తోల్కపోను ఎవరూ రానక్కరలేదు.

ఇంకొక సంగతి. మధ్యాహ్నం అమ్మ వేలుతో బియ్యం డబ్బా చూపించింది. ఆకలేమో అనుకున్నాను. కాదు. పసుపు డబ్బా చూపించింది. అప్పుడు అర్థమైంది. నీ ఒడిలో ఎవరూ బియ్యం పోయలేదని రాసుకున్నావు కదా, అది కూడా విన్నది. చేటలో బియ్యం పోసి మంచం మీద పెడితే ఎడమ చేత్తో తనే పసుపు కలిపింది. సగం దుప్పటి మీద పడ్డాయి. కొండమ్మ చూసి "అత్త కోడలికి ఒడిబియ్యం పోసుడు యాడనన్న ఉన్నదా, తల్లిగారు పొయ్యాలె గని" అంది. అమ్మ కళ్లు మూసుకుంది. ఆమె కళ్లు మూసుకుంటే ఆ మాట అయిపోయినట్టే, నీకు తెలుసు.

ఈ ఇంటి ఆడబిడ్డను నేను. ఈ ఏడు నా ఒడిలో ఏమీ పడలేదు, నీకు పడుతున్నాయి. చూస్తుంటే ఒక్క నిమిషం మనసు చివుక్కుమంది. దాచుకోవడం ఎందుకు, రాస్తున్నాను. తర్వాత ఎండు కొబ్బరి, వక్కలు, పోకలు నేనే పెట్టి మూట కట్టాను. ఈసారి విప్పు. మా అత్తమ్మతో పోయించుకో. పసుపు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ ఉంటుంది, ఏమనుకోకు.

శివయ్య రెండో చాయ్ కూడా తాగేశాడు.

కళ్యాణి


కందుకూరు
అక్టోబర్ 1, బుధవారం

కళ్యాణికి,

మూట వచ్చిన రోజే విప్పాను. విషయం విని రేణుకమ్మ అత్త, ఇట్లాంటిది తన కాలంలో చూడలేదని చెప్పి, అయినా కొత్త చాప తెచ్చి పరిచింది. ఆకుపచ్చ చీర కట్టుకొని కూర్చున్నాను. మీ అత్తమ్మ పోస్తుంటే అన్న గడప దగ్గర నిలబడి చూశాడు. నేను ఏడ్చాను. అందరూ చూశారు, చూడనీ అనుకున్నాను. పసుపు ఎక్కువైన బియ్యం కొంచెం కొంగున కట్టుకున్నాను, మిగతావి వండాం.

నువ్వు చిన్నబోయిన మాట రాశావు. అది నాకు నచ్చింది. వచ్చే బతుకమ్మకు నిన్ను తోల్కపోను నేను వస్తాను. మీ అన్నకు సెలవు దొరికినా దొరకకపోయినా నేనే వస్తాను. ఆ రోజుకు దుప్పటి లాగే పని మీ అన్నది.

ఇక్కడి నుంచి పైకి చదువు. మంచం పక్కన కూర్చొని, గట్టిగా.

అత్తమ్మా, నీ కోడలు రాస్తున్నది. బియ్యం ముట్టినయ్. ఒళ్లె పోసుకున్న. నిన్న సద్దులకు ఆడిన. కాళ్లు నొచ్చేదాంక ఆడిన, ఒక్కసారి గూడ ఇంటి దిక్కు తిరిగి చూడలే. దసరా తెల్లారి వస్తున్న. అప్పటిదాంక కళ్యాణి చేతి ముద్ద తిను.

భాగ్య